సున్నా వచ్చిన వరుసలు

మా గైడు వెర్నా గారు మొదటి రోజే అడిగింది
"నీ పరిశోధన ప్రశ్న ఏమిటి?"
నా దగ్గర నలభై ఒక్క వేల ప్రశ్నలున్నాయి.
ఒక్కటీ నాది కాదు.

కెమి పట్టణ గ్రంథాలయం వాళ్ళు
ఆరేళ్ళ చిట్టా ఇచ్చారు, పెన్‌డ్రైవ్‌లో,
కాఫీ మరకున్న కవరులో పెట్టి.
ఎవరు వెతికారో కాదు
(పేర్లు ముందే చెరిపేశారు, నైతిక సంఘం సంతకాలు మూడు)
ఏం వెతికితే ఏమీ దొరకలేదో, అదొక్కటే.
తేదీ, గంట, నిమిషం, అడిగిన మాట,
చివరి గడిలో సున్నా.
కిందికి జరిపే కొద్దీ సున్నా కింద సున్నా,
మంచులో ఎవరో ఒంటికాలితో నడిచిపోయినట్టు.

నవంబరు. మూడింటికే చీకటి.
ఔలులో నా గది కిటికీ అవతల
సైకిల్ సీట్ల మీద మంచు రొట్టెల్లా పొంగుతోంది.
నేను వరుసలకు రకాలు కడుతున్నాను.
"కీళ్ళనొప్పులకి మందు" అని కొట్టబోయి
"కీళ్ళనొప్పులకి మంచు" అన్నారెవరో.
అక్షర దోషం. పుస్తకం అరలోనే ఉంది,
చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.
అది తేలిక.
"మిల్లు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు" ఏ రకం?
"ఇంటి ఓనరుకి ఉత్తరం, సోమాలీలో" ఏ రకం?
ఒక ఫిబ్రవరిలో తొమ్మిది రాత్రులు వరసగా
రెండున్నర గంటలకి
"మాట పడిపోయిన మనిషితో మాట్లాడటం"
నిమిషం తర్వాత
"మాట పడిపోయిన మనిషి"
ఆ తర్వాత ఉత్త "మాట" అని అడిగే ఉంటారు.
దానికి వందల పుస్తకాలు వచ్చుంటాయి,
అందుకే అది నా చిట్టాలో లేదు.

సెమినార్‌లో ఓస్మో, లెక్కల్లో గట్టివాడు,
"ఇదంతా రొద. తీసెయ్, గ్రాఫు నున్నగా వస్తుంది" అన్నాడు.
తీసి చూశాను.
ఎంత నున్నగా వచ్చిందంటే
దాని మీద మనిషన్నవాడు నిలబడలేడు.

ఏప్రిల్లో రైలెక్కి కెమి వెళ్ళాను.
సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది.
ఓర్వొక్కి ముప్ఫై మూడేళ్ళుగా ఆ కౌంటర్లో కూర్చుంటోంది.
చిట్టా ఇస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
వేలితో వరుసల వెంట నడిచింది.
ఒకచోట ఆగి నవ్వింది.
ఇంకోచోట ఆగింది.
"ఎవరో తెలుసా?"
"తెలుసు."
"చెప్తారా?"
"పేరు చెప్పను."
దాల్చినచెక్క బన్ను సగం తుంచి నాకిచ్చి
మిగతా సగం తింటూ అంది
"తొమ్మిది రాత్రులయ్యాక పగటిపూట వచ్చిందావిడ.
పిల్లల అరలోంచి బొమ్మల పుస్తకం తీసిచ్చాను.
కప్పు, కుర్చీ, కిటికీ.
వేలు పెట్టి చూపిస్తే చాలు కదా.
ఆ పుస్తకం ఇంతవరకు తిరిగి రాలేదు.
జరిమానా నేనే కట్టేస్తున్నాను."

ఇది రాసుకోవడానికి పట్టికలో గడి లేదు.
కొత్త గడి తెరిచాను.
ఏం పేరు పెట్టాలో తెలియక మూడు వారాలు ఖాళీగా ఉంచాను.
వెర్నా గారు పక్కన ఎర్రసిరాతో రాసింది: నిర్వచించు.

ఇప్పుడు నాలుగో అధ్యాయంలో ఉన్నాను,
రెండో శీతాకాలం.
ఒక రాత్రి ఉండబట్టలేక
కెమి వాళ్ళ వెతుకుపెట్టెలో నేనే కొట్టాను
"దొరకనివన్నీ ఎక్కడుంటాయి"
సున్నా.

ఒకటో తారీఖున కొత్త చిట్టా వచ్చింది.
అందులో నేనున్నాను: తేదీ, గంట, నిమిషం.
ఇన్నాళ్ళకి నాదంటూ ఒక ప్రశ్న.
పద్ధతి పద్ధతే. కొలిచేవాళ్ళు
కొలతలో కాలు పెట్టకూడదు.
కొట్టేశాను.

దాని కింది వరుసలో ఎవరో
పొద్దున్నే ఏడింటికి గ్రంథాలయాన్ని అడిగారు
"చిన్న పడవ, పాతదైనా పర్లేదు."

రకం ఇంకా రాయలేదు.